పిల్లి, పిట్ట, పందికొక్కు: గోదావరి డెల్టా ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో కాలువ గట్టున కొబ్బరి తోటలో ఇల్లు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో పిల్లి లేని రోజు నాకు గుర్తు లేదు, ఇప్పుడూ రెండున్నాయి. కాబట్టి ఇవి పిల్లులంటే పడని మనిషి మాటలు కావు. పిట్టల్ని చూడ్డం అలవాటయ్యాక పిల్లి నోట్లో ఏముందో చూడ్డం కూడా అలవాటైపోయింది, అంతే. ఊళ్ళోవాళ్ళు, చుట్టాలు, కొత్తగా పిల్లిని తెచ్చుకుంటున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇక్కడ ఒక చోట పెట్టాను. కొన్నిటికి జవాబు పొడుగైంది, కొన్నిటికి రెండు ముక్కలు సరిపోయాయి.

మా పిల్లికి మూడు పూటలా పెడతాం. అయినా పిట్టల్ని ఎందుకు పడుతోంది?

కడుపు నిండిన పిల్లి పడుకుంటుందనుకుంటాం. పడుకుంటుంది కూడా, పిట్ట పిల్ల కిచకిచ వినపడేదాకా. పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. చిన్నదేదైనా కదిలితే, తప్పించుకోబోతే, కడుపుతో సంబంధం లేకుండా దాని ఒళ్ళు నేలకు ఆనుకుపోతుంది. దూకిన ప్రతిసారీ తిండి దొరకదు కదా. ఆకలేశాక వేట మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. ఇంటిపిల్లి పుట్టుక ఆఫ్రికా అడవిపిల్లి నుంచి. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ళ కిందటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికింది. అన్ని వేల ఏళ్ళు మన గుమ్మంలో ఉన్నా ఆ అలవాటు మాత్రం పోలేదు.

పోయిన ఏప్రిల్లో మా బట్టలుతికే బండ పక్కన మందార చెట్టులో పిగిలిపిట్ట గూడు పెట్టింది, సరిగ్గా నా నడుమెత్తులో. మూడు పిల్లలు. గూట్లోంచి బయటపడ్డ రోజు పొద్దున్న ఒకటి కొమ్మ మీద, ఒకటి గోడ మీద, ఒకటి బండ మీద ఉన్నాయి. మా పెద్ద పిల్లి అప్పుడే చేపల అన్నం తిని మూతి నాక్కుంటోంది. నేను అదిలించేలోపు బండ మీది పిల్ల దాని నోట్లో ఉంది. తినలేదు. అరుగు మీదకు తెచ్చి వదిలింది, కదిలితే కాలితో తట్టింది, కదలకపోతే కదిపి చూసింది, ఆఖరికి విసుగొచ్చి ఎండలోకి పోయి పడుకుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నవాడు ఇలాంటి అరుగు మీదే కూర్చుని ఉంటాడు. తల్లీ తండ్రీ మధ్యాహ్నం దాకా కరెంటు తీగ మీద అరుస్తూనే ఉన్నాయి.

మేం చూసింది నెలకు ఒకటీ అరా. దానికింత రాద్ధాంతం ఎందుకు?

మీరు చూసినవి అది ఇంటికి తెచ్చినవి మాత్రమే. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 55 ఇంటిపిల్లుల మెడకు చిన్న కెమెరాలు కట్టి, బయటికెళ్ళి ఏం చేస్తున్నాయో రికార్డు చేశారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. వాటిలో 44 శాతం పిల్లులు వేటాడాయి. పట్టినవాటిలో ఇంటికి చేర్చింది 23 శాతమే. సుమారు సగం చంపిన చోటే వదిలేశాయి, మిగతావి అక్కడే తినేశాయి. గుమ్మం ముందు ఒకటి పడి ఉందంటే తోటలో ఇంకో మూడు ఉన్నాయనుకోవాలి. ఆ కెమెరాల్లో అన్నిటికంటే ఎక్కువ చిక్కినవి పిట్టలు కావు, బల్లి జాతివి. మన దగ్గరైనా తొండలు, నలికీచులు, కప్పలు ఎన్ని పోతున్నాయో ఎవరూ పట్టించుకోరు. వాటికి ఈకలు లేవు కాబట్టి జాలి కూడా తక్కువ.

అన్ని పిల్లులూ ఒకలా ఉండవన్నది కూడా నిజమే. మా రెండింటిలో చిన్నది దీపం పురుగుల్ని తప్ప దేన్నీ పట్టగా నేను చూడలేదు. పెద్దది మటుకు ఆరితేరిన వేటగత్తె.

అమెరికాలో పిల్లులు వందల కోట్ల పక్షుల్ని చంపుతున్నాయంటారు. మన దగ్గరా అంతేనా?

ఆ లెక్క 2013లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పత్రికలో వచ్చింది. ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల దాకా పక్షులు, 630 కోట్ల నుంచి 2,230 కోట్ల దాకా ఎలుకల్లాంటి చిన్న జంతువులు పోతున్నాయని అంచనా కట్టారు. అందులో పెద్ద భాగం ఇళ్ళలో పెరిగే పిల్లులది కాదు, యజమాని లేకుండా బయట తిరిగేవాటిది.

దాన్ని తెచ్చి కోనసీమకు అతికించకూడదు. ఇక్కడ వీధికుక్కలు, లారీలు, వరదలు, జబ్బులు కలిసి పుట్టిన పిల్లికూనల్లో చాలావాటిని పెద్ద కానివ్వవు. అదొక పక్క. ఇంకో పక్క, మన పిల్లుల్లో యజమాని ఉన్నదేది, లేనిదేది? ఒక ఇంట్లో పాలు, ఇంకో ఇంట్లో చేప ముళ్ళు, మూడో ఇంటి అటక మీద కాన్పు. అందరిదీ, ఎవరిదీ కాదు. అమెరికా లెక్కలో ఎక్కువ నష్టం చేసింది సరిగ్గా ఈ రకమే.

ఇంకో మాట కూడా చెప్పాలి. చచ్చిన పిట్టల్ని లెక్కపెట్టినంత మాత్రాన ఆ జాతి తగ్గిపోతోందని అర్థం కాదు. ఏ పిట్టైనా ఏడాదికి పెట్టే పిల్లల్లో ఎక్కువ భాగం ఎలాగూ బతకవు. పిల్లి పట్టకపోతే జెముడుకాకో, పామో, ఆకలో తీసుకుపోతుంది. బ్రిటన్లో పక్షుల రక్షణకు పనిచేసే పెద్ద సంఘం ఆర్‌ఎస్‌పీబీ కూడా, పెరటి పిల్లుల వల్లే దేశమంతా పక్షులు తగ్గుతున్నాయనడానికి స్పష్టమైన ఆధారం లేదనే అంటుంది. పిల్లిని పూర్తిగా దోషిని చేసేవాళ్ళు ఈ ముక్క దాటేస్తారు. పూర్తిగా వెనకేసుకొచ్చేవాళ్ళు ఇదొక్కటే పట్టుకుంటారు.

అయితే నష్టం ఎక్కడ నిజంగా జరుగుతుంది?

దీవుల్లో. న్యూజీలాండ్‌కి చెందిన స్టీఫెన్స్ అనే చిన్న దీవిలో 1894లో లైట్‌హౌస్ పెట్టారు. మనుషులతో పాటు పిల్లులూ వెళ్ళాయి. ఆ దీవిలో ఎగరడం దాదాపు మర్చిపోయి, నేల మీద ఎలుకలా పరుగెత్తే చిన్న పిట్ట ఒకటుండేది. కొద్ది కాలంలోనే ఆ జాతి ఆనవాలు లేకుండా పోయింది. లైట్‌హౌస్ కాపలాదారు పెంచుకున్న ఒక్క పిల్లే మొత్తం తినేసిందని కథగా చెప్తారు. నిజానికి అడవి పట్టిన పిల్లులు చాలానే ఉన్నాయి. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ప్రపంచంలో అంతరించిన 63 జాతుల వెనక పిల్లుల చెయ్యి ఉంది: 40 పక్షులు, 21 క్షీరదాలు, 2 సరీసృపాలు. ఎక్కువ భాగం దీవుల్లోవే.

డెల్టా అలాంటి దీవి కాదు. ఇక్కడి పిట్టలు తరతరాలుగా అడవిపిల్లి, ముంగిస, పాము, గద్దల మధ్య పెరిగాయి. నేల మీద నీడ కదిలితే ఎగిరిపోవాలని వాటికి తెలుసు. కానీ డెల్టాలోనూ చిన్న చిన్న దీవులున్నాయి. గోదావరి పాయల మధ్య లంకలు, వేసవిలో బయటపడే ఇసుక తిన్నెలు, సముద్రం ఒడ్డున మనుషులు అడుగుపెట్టని ఇసుక పర్రలు. తీతువు పిట్టలు, నది మీద తిరిగే రేవు పిట్టలు ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే గుడ్లు పెడతాయి. గూడనేదే ఉండదు, గుడ్డు రంగు ఇసుక రంగులో కలిసిపోవడమే రక్షణ. మనిషి కంటికి ఆనదు గానీ పిల్లి ముక్కు ముందు ఆ రంగు పనికిరాదు. అలాంటి తిన్నె మీద ఒక్క పిల్లి అలవాటు పడితే ఆ సీజను గుడ్లు గోవిందా. కుక్కలతో ప్రమాదం ఇంకా ఎక్కువ, అది వేరే కథ.

మా ఊళ్ళో పిచ్చుకలు పోయింది పిల్లుల వల్లేనా?

కాదనే నా అభిప్రాయం. పెంకుటిళ్ళు పోయి డాబాలొచ్చాయి, చూరులో, వాసాల సందుల్లో గూడు పెట్టే చోటు పోయింది. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తిన్నా, పిల్లలకు పెట్టేది పురుగులే. ఏడాదికి రెండు పంటలు, రెండిటికీ మందులు, ఇక పురుగులెక్కడివి?

అయితే ఒక చోట పిల్లి పాత్ర ఉంది. మన వైపు సంక్రాంతికి వరి కంకుల్ని కుచ్చులుగా అల్లి గుడిలోనో, ఇంటి వసారాలోనో పిచ్చుకల కోసం కట్టడం ఆనవాయితీ. ఎంత మంచి అలవాటో! కానీ ఆ కుచ్చును కిటికీ పక్కనో, అరుగు స్తంభానికో చేతికందే ఎత్తులో కడితే పిచ్చుకలకు కాదు, పిల్లికి విందు పెట్టినట్టు. కింద ఎక్కడానికి ఏమీ లేకుండా, దూలం మధ్యలో వేలాడేట్టు కట్టండి. కింద రాలిన గింజల్ని ఊడ్చేయండి. పిట్ట నేల మీద దిగి గింజ ఏరుకునేటప్పుడే దొరికిపోతుంది.

ఏ పిట్టలకు ఎక్కువ ప్రమాదం?

నేల మీద తిరిగేవి, తక్కువ ఎత్తులో గూడు పెట్టేవి, ఎగరడం రాకముందే గూడు దిగిపోయేవి. పిగిలిపిట్ట మూడింట్లో రెండింటికి చెందుతుంది. రెండాకులు కలిపి కుట్టి అందులో గూడు పెట్టే చిన్న పిట్ట మన క్రోటన్ మొక్కల్లో, వంగ మడిలో మోకాలెత్తులో కూడా పెడుతుంది. గోరింక కొబ్బరి మాను తొర్రలో క్షేమంగానే ఉంటుంది గానీ పిల్లలు కిందికి దూకాక రెండు మూడు రోజులు నేల మీద తడబడతాయి. కాలువల్లో గుర్రపుడెక్క మీద నడిచే నీటికోడి పిల్లలు, గట్టు మీద గడ్డిలో పూరేడు పిట్టలు, ఇవన్నీ అందుబాటులో ఉన్నవే.

గిజిగాడు దగ్గర మటుకు పిల్లి ఆటలు సాగవు. నీళ్ళ మీదకు వంగిన తాటికమ్మ చివర వేలాడే గూడు, దానికి కింద నుంచి గొట్టం లాంటి దారి. మా చెరువు గట్టు మీద తాడి కింద కూర్చుని పైకి చూస్తూ మా పిల్లి ఎన్ని సాయంత్రాలు వృథా చేసుకుందో.

పట్టకపోయినా నష్టం జరుగుతుందని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో తేల్చారు. గూళ్ళ దగ్గర పావుగంట సేపు బొమ్మపిల్లిని పెట్టి తీసేశారు. ఆ తర్వాత గంటకు పైగా తల్లిదండ్రులు పిల్లలకు తెచ్చే తిండి మూడో వంతు దాకా తగ్గింది. పైగా అవి చేసిన గోలకు కాకి జాతి పక్షులకు గూడెక్కడుందో తెలిసిపోయి, వచ్చి గుడ్లు, పిల్లల్ని ఎత్తుకుపోయాయి. మన కాకుల తెలివి తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

పిల్లి ఉన్నదే ఎలుకల కోసం. పిల్లి లేకపోతే ధాన్యం, కొబ్బరి ఏం కావాలి?

అందరూ అడిగేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

ఇంట్లో బియ్యం డబ్బా చుట్టూ తిరిగే చిట్టెలుకకు పిల్లి యముడే. సందేహం లేదు. పిల్లి వాసన తగిలితేనే చిట్టెలుకలు చోటు మార్చేస్తాయి. కానీ డెల్టా రైతును ముంచేది చిట్టెలుక కాదు. గట్టుకు బొరియలేసి, సార్వాలో పొట్ట దశలో పిలకలు కొరికేసి, కంకులు బొరియలోకి లాక్కుపోయేది పొలం ఎలుక. గాదె కింద, గడ్డిమేటు కింద సొరంగాలు తవ్వేది పందికొక్కు. పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది, మూలకు నెడితే కుక్క మీదకే లేస్తుంది. పిల్లికి కావలసింది అరచేతిలో పట్టే వేట. అంత దాన్ని ఎదుర్కొని గాయపడ్డం దానికి గిట్టుబాటు కాదు.

న్యూయార్క్ నగరంలో చెత్తను వేరుచేసే ఒక కేంద్రంలో ఎలుకలు కుప్పలుగా ఉండేవి, వీధిపిల్లులూ వచ్చి చేరాయి. అక్కడ 79 రోజులు కెమెరాలు పెట్టి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. పిల్లి పొంచి ఉండడం 20 సార్లు, మీద పడ్డం 3 సార్లు, చంపింది 2 ఎలుకల్ని. పిల్లులున్నప్పుడు ఎలుకలు బయటికి రావడం తగ్గించాయి, దాంతో చూసేవాళ్ళకు ఎలుకలు తగ్గాయనిపించింది. మన గాదెల దగ్గర కూడా జరిగేది చాలావరకు అదే. ఎలుక పోలేదు, టైము మార్చుకుంది.

మరి పని చేసేదేంటి? మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నవే. పొలంలో తాటాకు బుట్టలు పెట్టి పట్టే మనుషులు ఒక్క రాత్రిలో తీసే ఎలుకల్ని ఏ పిల్లీ పట్టలేదు. గట్లు సన్నగా, గడ్డి లేకుండా ఉంచుకోవాలి. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు పొడి 2 పాళ్ళు కలిపి ఊరంతా ఒకే రోజు బొరియల్లో పెడితే పని జరుగుతుంది, ఒక్కరే పెడితే పక్క చేలోంచి మళ్ళీ వచ్చేస్తాయి. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరుగుతుంది. దాన్ని తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా లోపల రక్తం కారి చచ్చిపోవచ్చు. అందుకే చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పాతిపెట్టాలి, ఆ రోజుల్లో పిల్లిని ఇంట్లోనే ఉంచాలి. కొబ్బరి మానుకు ఆరడుగుల పైన జానెడున్నర వెడల్పు రేకు చుడితే ఎలుక ఎక్కలేదు. పిల్లీ ఎక్కలేదు, తొర్రలో గోరింకకు అది కలిసొచ్చిన లాభం.

పొలం ఎలుకకు అసలు మొగుళ్ళు ఇద్దరు, జెర్రిపోతు, గుడ్లగూబ. మొదటిది కనపడితే కర్ర తీస్తాం, రెండోది ఇంటి మీద వాలితే అపశకునమంటాం. పాలు పోసి పెంచే పిల్లి చేయలేని పని ఆ రెండూ జీతం లేకుండా చేస్తున్నాయి. చేలో టీ ఆకారంలో కర్రలు పాతితే గుడ్లగూబ వాటి మీద కూర్చుని రాత్రంతా చూసుకుంటుంది.

ఉడుతలు, గబ్బిలాలు కూడా పడుతుందా?

పడుతుంది. ఉడుత పెద్దదైతే చాలాసార్లు తప్పించుకుంటుంది, పిల్లలు దొరికిపోతాయి. గబ్బిలాలు సాయంత్రం ఒకే సందులోంచి వరుసగా బయటికొస్తాయి, ఆ సందు పక్కన కూర్చోవడం నేర్చుకున్న పిల్లి రోజూ అక్కడికే వస్తుంది. చిన్న గబ్బిలాలు దోమల్ని తింటాయి, డెల్టాలో ఉండి ఆ సంగతి మర్చిపోతే ఎలా? ఇక కీచుకీచుమంటూ గోడ వారన పరుగెత్తే కంపు చుంచెలుక అసలు ఎలుకే కాదు, పురుగుల్ని తినే వేరే జాతి. పిల్లి దాన్ని చంపుతుంది గానీ ఆ వాసనకు ముట్టదు. మన గుమ్మంలో పొద్దున్నే శవంగా కనపడేది ఎక్కువగా అదే. చూసి మా పిల్లి ఎలుకను కొట్టిందని మురిసిపోతాం.

పిల్లి మెడలో గంట కడితే సరిపోతుందా?

గంట ఎవరు కట్టాలన్నది ఎలుకల సమస్య. మన సమస్య, కట్టినా పెద్దగా పనిచేయకపోవడం. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు వందల పిల్లుల మీద చూసి 2021లో చెప్పినదాని ప్రకారం గంటతో చెప్పుకోదగ్గ తేడా లేదు. మెడ చుట్టూ కొట్టొచ్చినట్టు కనపడే రంగుల గుడ్డ పట్టీ వేస్తే ఇంటికి తెచ్చే పిట్టలు 42 శాతం తగ్గాయి, పిట్టకు రంగు దూరం నుంచే కనపడుతుంది కాబట్టి. ఎలుకల మీద దాని ప్రభావం లేదు, మనకు కావలసిందీ అదే. పట్టీ కట్టేట్టయితే లాగితే ఊడిపోయేది కట్టండి. కొబ్బరి మట్టకో, కంచె ముళ్ళకో తగులుకుని ఉరిపడిన పిల్లుల్ని చూశాను.

పెరుగన్నం పెడుతున్నాం. అది చాలదా?

చాలదు. పైన చెప్పిన పరిశోధనలోనే ఇంకో ముఖ్యమైన సంగతి తేలింది. మాంసం ఎక్కువగా ఉండి, ధాన్యం లేని తిండి పెడితే పిల్లి ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ అయిదు పది నిమిషాలు తాడుకు ఈకో, గుడ్డో కట్టి ఆడిస్తే 25 శాతం తగ్గింది. ఖర్చు లేని మందు.

పిల్లి మాంసం తినకుండా బతకలేని జంతువు. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో సరిపడా తయారవదు, మాంసం, చేపల నుంచే రావాలి. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. మా అత్తగారు పిల్లికి పెరుగన్నం కలిపి "సాత్వికంగా పెరుగుతోంది" అనేవారు. ఆ సాత్వికురాలే మధ్యాహ్నాలు దొడ్లో తొండల్ని పట్టుకు తినేది, లోటు ఎక్కడో అక్కడ పూడ్చుకోవాలి కదా. మన వైపు చేప తలలకు, రొయ్య తలలకు కొదవ లేదు. ఉడికించి కొంచెం అన్నంలో కలిపి పెట్టండి. పులస తల పెట్టమని మటుకు ఎవరికీ చెప్పను, అది మనుషులకే దొరకడం లేదు.

పిల్లిని ఇంట్లోనే కట్టిపడేయాలా? మా ఇళ్ళకు నాలుగు వైపులా తలుపులేగా.

పట్నంలో ఫ్లాట్‌లో అయితే పూర్తిగా లోపలే పెంచొచ్చు, అదే మంచిది కూడా. పల్లెటూరి ఇంట్లో ఏడాది పొడవునా కుదరదని నాకూ తెలుసు. కాబట్టి టైము చూసుకోండి. చీకటి పడే ముందు పెద్ద భోజనం పెట్టి లోపల వేసుకోండి, బాగా తెల్లారి పిట్టలు కొమ్మలెక్కాక వదలండి. మార్చి నుంచి వానలు పడేదాకా పెరట్లో పిల్లలు గూళ్ళు దిగే కాలం. మీ మందారలో గూడు ఉందని తెలిస్తే, పిల్లలు బయటపడ్డాక ఆ నాలుగైదు రోజులు పిల్లి గదిలో ఉంటే దానికేం నష్టం లేదు. అరుస్తుంది, అంతే. మనం కోడిపిల్లల్ని గంప కింద మూస్తాం కదా, ఇక్కడ గంప పిల్లికి వేస్తున్నాం.

రొయ్యల చెరువు మకాం దగ్గర అయిదారు పిల్లులు చేరాయి. ఉండనివ్వాలా?

మేత బస్తాలు కొరికే ఎలుకల కోసం ఒకదాన్ని తెచ్చి ఉంటారు, ఇప్పుడు అయిదారు. చచ్చిన రొయ్య, చేప చెత్త ఎప్పుడూ ఉండేసరికి ఎన్ని పుట్టినా తిండికి లోటు లేదు. ఇవే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టే పిల్లులు, ఎందుకంటే చాలా చెరువులు మడ అడవుల అంచునే ఉన్నాయి. మేత బస్తాల్ని రేకు పెట్టెలో పెట్టండి, చెత్త పూడ్చండి, ఉన్న పిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.

మడ అడవిలో ఉండే పిల్లి కూడా పిట్టల్ని తింటుందిగా, దాన్ని మాత్రం ఎందుకు కాపాడాలి?

కోరింగ అభయారణ్యంలోనూ, డెల్టా మడల్లోనూ తిరిగేది నీటిపిల్లి. కొందరు బావురుపిల్లి అంటారు. ఇంటిపిల్లికి రెట్టింపు, బూడిద రంగు ఒంటి మీద వరుసగా నల్ల మచ్చలు, పొట్టి తోక. నీళ్ళలోకి దూకి చేపల్ని పడుతుంది. ప్రపంచంలోనే అరుదవుతున్న జంతువు, వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, చంపితే జైలే. అది ఇక్కడి నీళ్ళతో పాటే పెరిగిన జంతువు, దాని సంఖ్యను ఆ నీళ్ళే నిర్ణయిస్తాయి. ఇంటిపిల్లి సంఖ్యను నిర్ణయించేది మన కంచంలో మిగిలింది. తేడా అక్కడుంది. చెరకు తోటల్లో, జమ్ములో తిరిగే పొడుగు కాళ్ళ అడవిపిల్లి కూడా ఇక్కడిదే. ఇంటిపిల్లులతో వాటికి ఇంకో ముప్పు, జబ్బులు. మకాం పిల్లికొచ్చిన వాంతులు, విరేచనాల వైరస్ మడలోని పిల్లికీ అంటుకోగలదు. మీ పిల్లికి టీకా వేయిస్తే ఆ దారి మూసినట్టే.

పునుగుపిల్లి పేరులోనే పిల్లి, జాతి వేరు. దాన్ని ఈ లెక్కలోకి తేకండి.

ఆపరేషన్ చేయించడం పాపం కాదా?

పిల్లి అయిదారు నెలలకే ఈడుకొస్తుంది. రెండు నెలలు మోస్తుంది, ఈతకు నాలుగు పిల్లలు, ఏడాదికి రెండు మూడు ఈతలు. వాటిని ఏడిళ్ళు తిప్పుతుందంటాం, ఏడో ఇంటికి చేరేసరికి ఎన్ని మిగిలాయో ఎవరూ లెక్కపెట్టరు. కుక్క నోట పడేవి, కాలువలో పడేవి పోగా మిగిలినవే ఊరి మీద పడతాయి. నాకైతే పాపం అటువైపే కనపడుతుంది. ఆడపిల్లికి అయిదో నెలలో పశువుల డాక్టరుకి చూపించండి. వీధిలో ఒకటి రెండిటికి చేయించి వదిలేస్తే ఫలితం కనపడదు, ఆ వాడలో తిరిగేవాటిలో చాలావాటికి చేయించాలి.

ఎక్కువైన కూనల్ని గోనెలో వేసి దూరంగా వదిలేస్తే?

ఒక ఏడాది వేసవిలో పక్క ఊరి నుంచి ఎవరో లంక రేవు దగ్గర అలా వదిలి వెళ్ళారు, నాలుగు కూనలు. "ఇక్కడ చేపలు తిని బతుకుతాయి" అనుకుని ఉంటారు. రెండు మరుసటి రోజే చచ్చాయి. బతికిన రెండూ ఆ ఎండాకాలం తీతువు పిట్టల తిన్నె మీదే కనపడ్డాయి. జులైలో వరదొచ్చింది, తర్వాత కనపడలేదు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలంటారు, ఆ భయానికే జనం చంపకుండా ఇలా వదిలేస్తారు. తిండి, నీళ్ళు లేక మాడేట్టు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

పిల్లి నోట్లోంచి పిట్టను విడిపించాం. రక్తం లేదు. వదిలేయొచ్చా?

రక్తం లేకపోయినా పన్ను దిగి ఉండొచ్చు. పిల్లి నోట్లో ఉండే సూక్ష్మజీవులు పిట్టను ఒకటి రెండు రోజుల్లో చంపేస్తాయి, యాంటీబయాటిక్ పడితేనే ఆశ. గాలాడే అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, చీకటిగా, వెచ్చగా ఉంచి, పశువుల ఆసుపత్రికో, అటవీ శాఖ వాళ్ళకో చేర్చండి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు అసలే వద్దు. ముద్దొచ్చిందని పంజరంలో పెట్టి పెంచుకోవడం చట్టరీత్యా కుదరదు, గోరింకైనా, చిలకైనా.

దెబ్బేమీ లేకుండా, ఒంటి నిండా ఈకలుండి, నేల మీద గంతులేస్తున్న పిల్ల కనపడితే అది తప్పిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదన్నది వట్టి మాట. దాన్ని తీసి దగ్గరలోని గుబురు కొమ్మ మీద పెట్టి దూరంగా నిలబడండి. తల్లి కాసేపటికి వస్తుంది. మీ పిల్లిని మాత్రం ముందే లోపల వేసి తలుపు వేయండి, అది మీ వెనకే వచ్చి, మీరు ఎక్కడ పెట్టారో చూస్తూ ఉంటుంది.